గైడ్ పేరు లేని పోస్టర్

డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్ మీద ఏజెంట్ నత్త ఒక పాత కోటు పెట్టాడు.

"మరక పోతుందా?"

"ఏ మరక?" అన్నాడు కౌంటర్ మనిషి.

"చూస్తే కనపడనిది."

కోడ్ సరిపోయింది. వెనకగది తలుపు తెరుచుకుంది.

నడక నెమ్మదని కాదు, వెళ్లిన చోట చప్పుడుండదని డిపార్ట్‌మెంట్ అతనికి నత్త అని పేరు పెట్టింది. లోపల ప్లాస్టిక్ తొడుగుల్లో వేలాడే కోట్ల మధ్య చీఫ్ కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఉన్నాడయ్యా. మొక్కల తెగుళ్ల స్పెషలిస్టు. డిగ్రీ పిల్లల్ని చేరదీసి, గైడ్‌గా ఉండి రీసెర్చ్ చేయిస్తాడు. ఇవాళ వాళ్ల పోస్టర్ షో, చేసిన పనంతా గోడకు అంటించి చూపిస్తారు."

"అయితే?"

"పిల్లలు టీ కలిపినా పైన తన పేరు రాసుకునే రకం. ఈసారి అయిదు పోస్టర్లలో ఒక్కదాని మీదా వాడి పేరు లేదు. అన్నీ పిల్లల పేర్లే. మా సార్ దేవుడని వాళ్లు మురిసిపోతున్నారు."

నత్త కుర్చీ లాక్కున్నాడు.

"ఏ మందుకూ లొంగని తుప్పు తెగులు తయారుచేశాడు. పచ్చటి పైరు నిలబడ్డచోటే మాడిపోతుంది. ఆ పనిని అయిదు ముక్కలు చేసి అయిదుగురికి పంచాడు. పోటీ కదా, ఒకరిది ఒకరు చూడొద్దన్నాడు. పైదేశపు ముఠా కొంటోంది."

"డెలివరీ?"

"గోడ మీదే. ముఠా మనిషి వస్తుంది, చూస్తుంది, పోతుంది. అందులో దొంగతనం ఏముంది? బయటపడితే పోస్టర్ మీద పేరున్నవాళ్లు జైలుకు పోతారు."

ముఠాల మీద నత్తకు కోపముండేది కాదు. అది వాళ్ల వ్యాపారం. కానీ పాఠం చెప్పే నోటితో పిల్లల్ని అమ్మేవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

"ముఠా మనిషి ఎవరు?"

"పట్టుపురుగు."

"ఆవిడ మన ఏజెంట్ కదా?"

"మనకూ ఏజెంటే, వాళ్లకూ ఏజెంటే." పెద్దాయన పుల్ల తీసి వాసన చూసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "ఆవిడ్ని పట్టుకోకు, ఆవిడతో మనకు పనుంది. ఆవిడ కళ్లజోడులో కెమెరా ఉంటుంది. అయిదో పోస్టర్ లేకపోతే మిగతా నాలుగూ చిత్తుకాగితాలు. ఈ తెగులు నా పనే అని ప్రొఫెసర్ నోటితో అనిపించు. లేకపోతే కేసు పిల్లల మెడకే."

నత్త లేచాడు.

యూనివర్సిటీ హాల్లో కొత్త బూట్ల వాసన, ఇస్త్రీ బట్టల వాసన. నత్త పోటీ జడ్జి బ్యాడ్జి తగిలించుకున్నాడు. అంటించుకున్న మీసం దురద పెడుతోంది. కోటు గుండీలో మైకు ఉంది. ప్రొఫెసర్ సెంటు ఘుమాయిస్తూ పిల్లల భుజాలు తడుతున్నాడు. తట్టిన ప్రతిసారీ చేతిని రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

అయిదో పోస్టర్ దగ్గర మందపాటి కళ్లద్దాల అమ్మాయి నిలబడి ఉంది. కాళ్లకు అక్క చెప్పులు, రెండు సైజులు పెద్దవి.

"సార్, మందు కొట్టినా ఈ తెగులు ఎందుకు చావదంటే..." అని అందుకుంది. ఊపిరి తీసుకోకుండా చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది. "ఏడాది కష్టం సార్. దీంతోనే పై చదువుకు సీటు రావాలి."

అవతల తెల్ల సిల్కు దుస్తుల్లో పట్టుపురుగు రెండో పోస్టర్ ముందు నిలబడి కళ్లజోడు సవరించుకుంది. క్లిక్.

"మిగతా నాలుగూ చూశావా అమ్మాయ్?"

"సార్ చూడొద్దన్నారు."

"జడ్జిని నేను చెప్తున్నా. వరసగా చదివి రా."

ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లింది. మొదటి పోస్టర్ దగ్గర నవ్వు మొహం. మూడోదాని దగ్గర నవ్వు లేదు. తిరిగొచ్చేసరికి పెదవులు ఎండిపోయాయి.

"సార్, ఈ అయిదూ కలిస్తే చేను మిగలదు."

"ఆ తెల్లబట్టల ఆవిడ కలపడానికే వచ్చింది. కింద పేరు నీది."

"మా ప్రొఫెసర్ నన్ను కూతురులాంటిదానివి అన్నారు సార్."

"మిగతా నలుగురితోనూ ఏదో ఒకటి అనే ఉంటాడు."

పట్టుపురుగు దగ్గరకొచ్చింది. "మీసం ఊడుతోంది," అని నత్త చెవిలో అని, పోస్టర్ వైపు తిరిగి కళ్లజోడు మీద వేలు పెట్టింది.

అమ్మాయి పోస్టర్‌ను పైనుంచి కిందికి పర్రున చింపేసింది.

హాల్లో అందరూ ఇటు తిరిగారు. ప్రొఫెసర్ పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"పర్లేదు, నోటితో చెప్పు తల్లీ," అంది పట్టుపురుగు.

"చెప్పడానికేం లేదు మేడమ్. ప్రయోగం ఫెయిలయింది. మామూలు మందుకే ఆ తెగులు చస్తుంది. అంకెలన్నీ నేనే కల్పించా."

కొనే మనిషి ఎదుటే సరుకు పుచ్చిందంటే ప్రొఫెసర్ తట్టుకోలేకపోయాడు. అంతకన్నా, తన ల్యాబులో ప్రయోగం తప్పిందన్న మాట అతనికి మింగుడుపడలేదు.

"తప్పడమేంటి? దీని మొహానికి ఏం తెలుసు? అది నా డిజైన్. నేనే దగ్గరుండి చేయించా. దీనిదే కాదు, అయిదూ నావే. ముక్కలు చేసి పంచింది నేను."

గుండీలో మైకు ప్రతి మాటా మింగింది. పట్టుపురుగుకు అందరికంటే ముందు అర్థమైంది. వెనక్కి అడుగేసింది. నత్త ఆమె మొహం మీది కళ్లజోడు తీసి మడమ కింద వేసి నలిపాడు.

"మంగళవారం మీ ఆఫీసులో కలుద్దాం," అని నవ్వి, ఆమె గుమ్మం దాటింది. ఎవరూ ఆపలేదు. మఫ్టీలో ఉన్న పోలీసులు రెక్క పట్టుకుని తీసుకుపోతుంటే ప్రొఫెసర్ తనకొచ్చిన అవార్డులు చెబుతున్నాడు.

బయట మెట్ల మీద అమ్మాయి చింపిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అంకెలు కల్పించానని అందరి ముందూ అన్నా. ఇక సీటు రాదు కదా సార్?"

"రాదు. అసలు సంగతి మేం బయటపెట్టలేం. నువ్వు జైలుకు మాత్రం పోవు."

ఆమె కాగితాలు మడిచింది. "ఏడాదంతా నిజం చెప్పా సార్, ఒక్కరూ ఆగి వినలేదు. ఒక్క అబద్ధం చెప్పా, హాలంతా నమ్మేసింది. ఆధారమేదని కూడా అడగలేదు."

నత్త మీసం పీకి జేబులో వేసుకున్నాడు. "మా దగ్గర ఒక ఉద్యోగం ఖాళీ ఉంది."

"మీ దగ్గర గైడ్ ఎలాంటాయన సార్?"

"చాలా మంచివాడు," అన్నాడు నత్త, రెప్ప వేయకుండా.

ఆమె శిక్షణ అక్కడే మొదలైంది.