ఎక్కాల మిద్దె

కోసిగి దాటి మూడు మైళ్ళు పోతే బండిబాట పక్కన ఒక కూలిన మిద్దె ఉండేది. పగలు చూస్తే భయపడడానికి ఏమీ లేదు. నాలుగు మట్టిగోడలు, నడుమ మట్టికుప్ప, అంతే. పొద్దుగూకిందంటే మాత్రం ఎంత మీసమున్న మొగాడైనా ఆ బాట వదిలి, చేలకు అడ్డంపడి మైలు చుట్టు తిరిగి పోయేవాడు. ఆ మిద్దెలో దెయ్యం ఎక్కాలు చదువుతుందని పేరు.

నవ్వకండి. దెయ్యాలు ఏడవడం, గజ్జెలు మోగించడం అందరూ విన్నదే. ఎక్కాలు చదివే దెయ్యం మాత్రం ఆ ఒక్కచోటే ఉండేదట.

బండి తోలే బజారి అనేవాడికి నమ్మకం లేక ఒక రాత్రి ఆ బాటనే తోలాడు. ఎద్దులు తెల్లారేసరికి ఊరు చేరాయి. బజారి మధ్యాహ్నానికి చేరాడు.

వారం తిరిగాక ఎమ్మిగనూరు సంతలో అతనే ఆ సంగతి చెబుతున్నాడు.

"మొగగొంతు అప్పా. ఏడో ఎక్కం. ఏడేళ్ళు నలభై తొమ్మిది అంటాది... ఏడెనిమిదులు అంటాది... ఆడ నిలబడిపోతాది. ఎవురన్నా సెప్తారేమోనని సూస్తాది. బదులు సెప్పినోడు బతకడంట. ఆమీద సన్నంగా ఏడుపు... పిల్ల ఏడుపు."

విన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ వెనక నూలుమూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మాత్రం నవ్వలేదు. ఆమె పేరు హులిగమ్మ. ఆ మిద్దె ఆమెది. ఆ పిల్ల ఆమె బిడ్డ.

మిద్దె కూలి అప్పటికి రెండేళ్ళు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు జరిగింది అది. మొగుడు సోమప్ప నాలుగో తరగతి చదివినవాడు. ఒక్కగానొక్క కూతురు బసమ్మ. బడి కోసిగిలో, నడుమ వానకు పొంగే వంక. ఆడపిల్లను అంతదూరం ఎట్లా పంపేదని ఇంట్లోనే చదువు చెప్పేవాడు. పలక మీద అక్షరాలు, నోటితో ఎక్కాలు. మంచివాడే కానీ బెత్తం పట్టుకుంటే మాత్రం తండ్రి పోయి అయ్యవారు వచ్చేవాడు.

హులిగమ్మకు చదువు లేదు. అయితే గోడకు ఎర్రమన్ను పూస్తూ, రాగులు విసురుతూ, విని విని ఎక్కాలన్నీ ఆమె నోటికి వచ్చేశాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గు.

ఆ సీమలో మట్టిమిద్దెల కప్పు మీద ఏటా వానల ముందర చౌడుమన్ను పోస్తారు, కారకుండా. పాత చౌడు గోకి పారేసి కొత్తది పోయాలి. గోకడమంటే రెండు రోజుల చాకిరీ. మొగుడూపెళ్ళాలిద్దరూ పాతదాని మీదే కొత్తది పోసి, దిమ్మిసతో కొట్టి, చేతులు దులుపుకునేవాళ్ళు. చుక్క కారేది కాదు. మన మిద్దె అంత గట్టిది ఈ చుట్టుపక్కల లేదని సోమప్ప మురిసేవాడు. అట్లా ఆరేళ్ళు. కింద దూలం ఎంత మోస్తోందో ఎవరూ చూడలేదు.

ఆ ఏడు మూడురోజులు ముసురు పట్టింది. మూడోరోజు సాయంత్రం బసమ్మ ఏడో ఎక్కంలో తట్టుకుని ఆగిపోయింది. ఏడెనిమిదులు దగ్గర ఎప్పుడూ తట్టుకునేదే. సోమప్పకు కోపమొచ్చింది.

"సెప్పేదాకా ఆ మూల నుంచి లేసేది లేదు. బయటికొస్తే కాళ్ళిరగ్గొడతా. ఏమే, నువ్వు అందించినావంటే సూడు" అని వసారాలోకి వచ్చి కూర్చున్నాడు.

హులిగమ్మ వసారాలోనే పొయ్యి దగ్గర ఉంది. గడప లోపలి నుంచి బిడ్డ ఆమెకేసి చూసింది. జవాబు నాలుక మీదే ఉంది. పెదవి కదిపితే చాలు, పిల్ల అందుకుని బయటికి పరుగెత్తుకొచ్చేది. మొగుడు తిడతాడని తల తిప్పుకుంది.

అప్పుడు దూలం విరిగింది.

బిడ్డను పూడ్చిన మూడోరోజే సోమప్ప కనబడకుండా పోయాడు. వేదవతి ఏటి నీళ్ళలో పడ్డాడన్నారు. హులిగమ్మ ఎమ్మిగనూరులో అన్న పంచన చేరి, మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతికింది. రెండేళ్ళలో ఆ సాయంత్రం గురించి ఎవరికీ ఒక్కమాట చెప్పలేదు. ఎవరికి చెబుతుంది? బిడ్డను చంపింది మిద్దె అని లోకం అనుకుంటోంది. తన నోరే చంపిందని ఆమెకు తెలుసు.

సంత నుంచి ఆమె ఇంటికి పోలేదు. మూట ఒక అంగట్లో పెట్టి కోసిగి దారి పట్టింది. దెయ్యమైతేనేం? తన బిడ్డ దెయ్యం. ఆ ఏడుపైనా ఒక్కసారి వినాలి. అదొక్కటే ఆశ.

చేరేసరికి నడిరేయి. సగం వెన్నెల. కుక్క అరుపు కూడా లేదు...

ముందు చప్పుడు వినబడింది. బరుక్... బరుక్... మన్ను గీకుతున్న చప్పుడు.

తరవాత గొంతు.

"ఏడు రెళ్ళు... పద్నాలుగు..."

హులిగమ్మ గోడ వారకు ఒదిగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. పదేళ్ళు కాపురం చేసిన గొంతు. నీళ్ళలో పడి చచ్చినవాడి గొంతు.

గోడ పట్టుకుని మెల్లగా జరిగింది. కూలిన తలుపు సందులోంచి చూసింది.

మట్టికుప్ప ముందర ఒక మనిషి మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎముకలగూడు. వీపు మీద చెమట మెరుస్తోంది. పారతో చౌడు గీకి గంపకెత్తుతున్నాడు. దగ్గుతున్నాడు. ఆయాసపడుతున్నాడు. దెయ్యాలకు ఆయాసం ఉండదు.

సోమప్ప బతికే ఉన్నాడు. పగలు ఎక్కడ దాక్కుంటాడో, ఏం తింటాడో... రాత్రయితే వచ్చి, రెండేళ్ళ కిందట తీయాల్సిన పాత చౌడును పొర తరవాత పొర తీస్తున్నాడు. బిడ్డ ఇంకా ఆ మూలనే కూర్చుని ఉందనుకుంటున్నాడు.

"ఏడేళ్ళు... నలభై తొమ్మిది..."

పార ఆగింది.

"ఏడెనిమిదులు..."

మూల వైపు చెవి ఒగ్గాడు. ఎంతసేపో. గాలి కూడా కదల్లేదు. ఆ తరవాత తల మట్టికి ఆనించి సన్నగా, పిల్లవాడిలాగా ఏడ్చాడు. బజారి విన్న ఏడుపు అదే. బిడ్డ గొంతు ఎక్కడా లేదు, ఇక ఎన్నటికీ ఉండదు.

అతడు కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఏడొకట్ల ఏడు...

మొగుణ్ణి తిట్టాలని రెండేళ్ళుగా దాచుకున్న మాటలు ఆమెకు ఒక్కటీ గుర్తురాలేదు. నాలుక మీద మిగిలింది ఒక్కమాటే. ఆ సాయంత్రం మింగిన మాట.

"...ఏడెనిమిదులు..."

"యాభై ఆరు" అంది హులిగమ్మ, చీకట్లోంచి, పీలగా.

పార కింద పడింది.

సోమప్ప వెనక్కి తిరగలేదు. మట్టికుప్పకేసి చూస్తూ, చెయ్యి ముందుకు చాపాడు.

"ఎక్కం వచ్చినాదా తల్లీ..." అన్నాడు. "ఇంక సాలు. బయటికి రా. నాయన కొట్టడులే."