పంతొమ్మిది అతుకులు

ఆ సోమవారం ఉదయం పది గంటలకి ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన మనిషిని చూడగానే నెల్లీ ఓడెల్ టైపు కొట్టడం ఆపేసింది. లాస్ ఏంజెలస్‌లో ఆ ముఖం తెలియనిదెవరికి? ఏ రికార్డుల షాపు అద్దాల్లో చూసినా ఆకుపచ్చ గౌనులో నవ్వుతూ కనిపించే ముఖమే. కోరా విట్‌లాక్ మొదటి ఆల్బమ్ దేశంలో ఎక్కువగా అమ్ముడవుతున్న వాటి జాబితాలోకి ఎక్కి ముప్పై ఒక్క వారాలైంది. అందులో పదకొండు వారాలు మొదటి స్థానం దానిదే. కానీ ఎదురుగా నిలబడ్డ కోరా ముఖంలో నవ్వు లేదు. ఎడారి గాలికి ఊరంతా ఉడికిపోతుంటే మెడచుట్టూ పట్టు రుమాలు బిగించి కట్టుకుంది. నోరు తెరిస్తే గుసగుస తప్ప బయటికి రాలేదు.

"తలుపు వేయండమ్మా. గట్టిగా మాట్లాడలేను."

ప్రైవేటు డిటెక్టివ్ హాగోప్ టాషియన్ కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. యాభై దాటిన భారీ మనిషి. ఫ్రెస్నో దగ్గర పళ్లతోటల్లో పుట్టి పెరిగినవాడు కావడంతో బల్లమీద ఎప్పుడూ ఎండు ఆప్రికాట్ల పొట్లం ఉంటుంది. దాన్ని పక్కకి జరిపాడు.

"జూన్‌లో నా గొంతుకి ఆపరేషన్ చేశారు," అంది కోరా. "ఇక పాడలేనని డాక్టరు చెప్పేశాడు. మేలో పాడిన రెండో ఆల్బమ్ టేపు ఒక్కటే నాకు మిగిలింది. నేను విని ఒప్పుకుంటేనే విడుదలని ఒప్పందం, అందుకే శుక్రవారం వినడానికి కూర్చున్నాను. అరగంట తిరిగింది. ఏమీ లేదు. ఒక్క మాట, ఒక్క స్వరం లేదు."

"నకలు లేదా?"

"మా కంపెనీ యజమాని లీలండ్ రస్క్ తియ్యనివ్వడు. నకలుంటే పాటలు ముందే బయటికి పొక్కుతాయంటాడు. ఎవరో కావాలని చెరిపేశారని చెబుతున్నాడు. ఓలా మే పెటిఫర్డ్ చేసిందట. నా వెనక కోరస్ పాడుతుంది. గురువారం రెండున్నరకి రస్క్ రమ్మంటే వెళ్లాను; ఆమె టేపుల గది వైపు నుంచి చేతిసంచితో గబగబా వస్తుంటే చూసింది నేనే. ఆ మాట పోలీసులకి చెప్పమంటున్నాడు. సాయంత్రం అయిదుకి వాళ్లని పిలుస్తాడు."

"చూసింది చెప్పడానికి భయమెందుకు?"

"ఆమె నల్లమ్మాయి, మిస్టర్ టాషియన్. నేనొక్క మాటన్నాక ఇక ఆమెను ఎవరూ ఏమీ అడగరు." కోరా మెడ రుమాలు సవరించుకుంది. "శనివారమే రైలెక్కి బోస్టన్ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేకపోయాను. ఆమె చేసుంటే సరే. చెయ్యకపోతే?"

టాషియన్ గోడ గడియారం చూసి టోపీ అందుకున్నాడు. "నెల్లీ, కారు తియ్యి."

నెల్లీకి నలభై రెండేళ్లు. పదిహేనేళ్లు టెలిఫోను ఎక్స్‌చేంజీలో పనిచేసి, ఈయన దగ్గర చేరింది. ఈయన ఆప్రికాట్లు నములుతుంటే బుర్ర పరుగెడుతున్నట్టేనని ఆమె నమ్మకం. ఆ ఉదయం దారిలోనే పొట్లం సగం ఖాళీ అయింది.

మెరిడెల్ రికార్డ్స్ భవనంలో లీలండ్ రస్క్ వాళ్లను నిలబెట్టే మాట్లాడాడు.

"కోరాకి ఒంట్లో బాగాలేదు. మీకు పనిలేదు. సరే, అడగండి."

"టేపు చెరిపారని ఎలా తెలిసింది?"

"ఖాళీగా ఉంటే ఇంకేమనుకుంటాం? లౌడ్‌స్పీకరులో ఉండే అయస్కాంతం చాలు. టేపు చుట్ట మీద నిమిషం తిప్పితే అంతా పోతుంది. రికార్డు కవరు మీద తన పేరు వెయ్యమని ఆ పిల్ల అడిగింది, నేను ఒప్పుకోలేదు. కసి పెట్టుకుంది."

"గదికి తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి నాది, ఒకటి ఇంజనీరు ఐవర్‌ది. గురువారం వాడు తలుపు వెయ్యకుండా పోయుంటాడు."

శుక్రవారం నుంచి ఆ టేపు రస్క్ సొంత బీరువాలోనే ఉంది. దాన్ని యంత్రం మీద పెట్టి నెల్లీ మెల్లగా తిప్పుతుంటే, టాషియన్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మొత్తం జారనిచ్చాడు. అరగంటకి పైగా పట్టింది. చివర జానెడు ఎర్ర కాగితపు పట్టీ కనిపించింది.

"పట్టుబట్ట కొంటున్నావేంటయ్యా, అలా తడుముతున్నావు?" అన్నాడు రస్క్.

"నునుపుగా ఉంది," అన్నాడు టాషియన్.

తర్వాత టేపుల గది చూశాడు. నేల నుంచి కప్పు దాకా డబ్బాలే. కొత్తవి గుమ్మం దగ్గర, పాతవి వెనక గోడకి. వెనక అరల ముందు కాసేపు నిలబడి, ఒక డబ్బా మీద వేలు రాసి చూసి, దుమ్మును రుమాలుకి తుడుచుకున్నాడు.

ఇంజనీరు ఐవర్ బ్రాండ్‌వోల్డ్ కింది గదిలో ఉన్నాడు. ఎడమ దవడ ఇంకా వాచే ఉంది.

"గురువారం పన్నెండింటికి పన్ను పీకించుకున్నా సార్. సాయంత్రం దాకా నోరు మొద్దుబారిపోయింది. మంచినీళ్లు అడిగితే మా ఆవిడ ఉప్పు తెచ్చిచ్చింది. శుక్రవారం ఇంట్లోనే ఉన్నా. తాళంచెవి నా జేబులోనే ఉంది. తలుపు వేశాకే వెళ్లాను."

"ఆ ఖాళీ టేపు చూశావా?"

"నాకెవరు చూపించారు? అయ్యగారు బీరువాలో పెట్టి తాళం వేశారుగా."

"కోరా టేపులో అతుకులెన్ని?"

ఐవర్ ఒక్క క్షణం తడబడ్డాడు. "పంతొమ్మిది. బ్లేడుతో కోసి నేనే అతికించాను."

"మొదటి ఆల్బమ్‌లో?"

"రెండు," అని తల దించుకున్నాడు.

"టేపు చివర రంగు కాగితం పెడతారే, అది ఏ రంగు?"

"తెలుపు సార్. రెండేళ్ల కిందటి దాకా ఎరుపు వాడేవాళ్లం."

ఓలా మే పెటిఫర్డ్ సెంట్రల్ ఎవెన్యూ పక్క చర్చి హాలులో పియానో ముందు కూర్చుని ఆదివారం పాటలు సరిచూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ల పొడగరి. వచ్చిన పని వినగానే పియానో మూత వేసేసింది.

"నేనే అనుకున్నారన్నమాట. అనుకోరూ మరి! గురువారం ఒంటిగంటన్నరకి ఫోనొచ్చింది. 'నేను ఐవర్‌ని, నీ పాటల పుస్తకం టేపుల గది బయట బల్లమీద మరిచిపోయావు, రెండున్నర లోపు వచ్చి తీసుకెళ్లు' అన్నాడు. వెళ్లాను. పుస్తకం అక్కడే ఉంది. కానీ నేనెప్పుడూ దాన్ని అక్కడ పెట్టలేదు. ఏదో తేడాగా అనిపించి గబగబా వచ్చేశాను."

"ఫోనులో మాట ముద్దగా ఉందా?" అని నెల్లీ ఆత్రంగా అడిగింది.

"లేదమ్మా, గంట కొట్టినట్టుంది."

నెల్లీ టాషియన్ వైపు చూసింది. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "మేలో నిన్ను ఒక్కదాన్నే ఎప్పుడైనా పిలిచారా?"

"ఒకరోజు పిలిచారు. కోరా గారికి ఒంట్లో బాగాలేదు, వాయిద్యాలు సరిచూసుకోవాలి, ఆమె బదులు నువ్వు పాడు అన్నారు. పై స్వరాలున్న చోట్లే మళ్లీ మళ్లీ పాడించారు." ఆమె గొంతు తగ్గింది. "అయ్యా, మా అన్నయ్యని ఒకసారి 'ఊరికే రెండు మాటలు అడగాలి' అని తీసుకెళ్లారు. మూడు నెలలకి వదిలారు. నన్ను తీసుకెళ్తే ఈ చర్చి పిల్లలకి పాట నేర్పేదెవరు?"

"ఇప్పుడు నాతో స్టూడియోకి రాగలవా?"

"అక్కడికా? పులి నోట్లో తల పెట్టమంటున్నారు."

"పారిపోతే వాళ్లన్నదే నిజమవుతుంది."

ఓలా మే పాటల కాగితాలన్నీ సర్ది పియానో మీద పెట్టింది. చివరికి లేచి టోపీ పెట్టుకుంది.

వాళ్లు వెళ్లేసరికి నాలుగున్నరే. అయినా స్టూడియో గుమ్మంలో సార్జెంటు ఒకడు నిలబడి ఉన్నాడు. రస్క్ అయిదు దాకా ఆగలేదు, కోరాని కూడా అప్పటికే పిలిపించాడు. ఓలా మేని చూడగానే సార్జెంటు చేయి నడుముకున్న సంకెళ్ల మీదికి వెళ్లింది.

"అదిగో, తనే వచ్చింది," అన్నాడు రస్క్. "కోరా, చూసింది చెప్పు."

కోరా గోడకి ఆనుకుంది. టాషియన్ వైపు చూసింది.

"పది నిమిషాలివ్వండి సార్జెంట్," అన్నాడు టాషియన్. "తర్వాత ఎవరిని తీసుకెళ్లాలో మీరే తేల్చుకోండి."

ఐవర్‌ని కూడా పైకి పిలిపించి, అందరూ కూర్చున్నాక, ఖాళీ టేపు బల్లమీద పెట్టాడు.

"అయస్కాంతం పాటని చెరుపుతుంది. అతుకుల్ని చెరపదు. కోరా టేపులో పంతొమ్మిది అతుకులుండాలి. ఇందులో ఒక్కటి లేదు. అంటే కోరా టేపుని ఎవరూ చెరపలేదు. మార్చేశారు."

కోరా చటుక్కున తలెత్తింది. రస్క్ కాలు ఊపడం ఆపాడు.

"ఎర్ర కాగితం ఉందంటే ఇది రెండేళ్ల కిందటి పాత టేపు. దీన్ని చెరిపి, కోరా డబ్బాలో పెట్టారు. మరి కోరా టేపు ఎక్కడుంది? దొంగ దాన్ని పాడుచేయదలచుకోలేదు. ఎండకి, తేమకి దూరంగా, ఎవరూ ముట్టని చోట ఉంచాలి. ఐవర్, వెనక అరలో డబ్బాలన్నిటి మీదా దుమ్ముంది. ఒక్కదాని మీద లేదు. 'అకార్డియన్ వాయిద్యం మీద క్రిస్మస్ పాటలు' అని చీటీ ఉన్న డబ్బా అది. తీసుకురా."

ఐవర్ పరుగున వెళ్లి, డబ్బా తెచ్చి మూత తీశాడు. తెల్ల కాగితం. నాలుగు చుట్లు విప్పి వేళ్లతో తడిమాడు. "ఇదే," అన్నాడు, కళ్లనీళ్లతో. "ఇవి నా అతుకులే."

"రెండు తాళంచెవుల్లో ఐవర్‌ది ఐవర్ దగ్గరే ఉంది. గురువారం ఒంటిగంటన్నరకి అతనికి నోరే తిరగదు. ఐవర్‌నని చెప్పుకుని, గంట కొట్టినట్టు మాట్లాడి, ఈ అమ్మాయిని సరిగ్గా కోరా వచ్చే వేళకి రప్పించింది ఎవరు? అతుకుల సంగతి తట్టనిది ఎవరికి? ఏనాడూ బ్లేడు పట్టనివాడికి. మిస్టర్ రస్క్, మీరే."

రస్క్ నవ్వాడు. "నా గది, నా టేపు. నా వస్తువు నేను దాచుకుంటే దొంగతనమా? నా ఆల్బమ్ నేనెందుకు ఆపుకుంటాను?"

"ఆపాలనుకోలేదు. కోరా వినకుండా చూడాలనుకున్నారు, అంతే. తను విని ఒప్పుకుంటేనే ఆల్బమ్ విడుదలని ఆమె ఒప్పందంలో రాసుంది. టేపు పోయిందంటే ఆమె ఏడుస్తూ బోస్టన్ రైలెక్కుతుంది. నెల తర్వాత టేపు 'దొరుకుతుంది'. ఆనందంలో వినకుండానే సంతకం పెడుతుంది. ఈలోగా ఓలా మే జైల్లో ఉంటుంది. రేపు రికార్డు విని 'అది నా గొంతే' అని ఆమె అరిచినా, కసితో టేపు చెరిపిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?"

"నా గొంతా?" అంది ఓలా మే.

ఐవర్ లేచి నిలబడ్డాడు. "మే నెలకే కోరా గారికి పై స్వరాలు అందడంలేదు. ఆ చోట్లన్నీ కోసి ఓలా మే పాడిన ముక్కలు అతికించమన్నారు. కోరాకి తెలుసులే అన్నారు. నేను నమ్మాను."

"వినిపించు," అంది కోరా.

"కోరా, వద్దు," అని రస్క్ అడ్డం వచ్చాడు. సార్జెంటు అతని భుజం మీద చేయి వేసి మెల్లగా పక్కకి జరిపాడు.

టేపు తిరిగింది. కోరా గొంతు గదిని నింపింది, వెచ్చగా, కాస్త అలసటగా. మూడో పాటలో ఆ గొంతు పైకెక్కుతూ ఎక్కుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి ఆకాశంలోకి లేచింది. కోరా కళ్లు మూసుకుంది. తన చివరి పాట తనది కాదని తెలుసుకుంటున్న మనిషిని చూడటం అంత కష్టమని నెల్లీ ఎన్నడూ అనుకోలేదు.

"ఆపు," అంది కోరా. లేచి ఓలా మే ఎదుటికి వెళ్లింది. "అదే స్వరం ఇప్పుడు పాడు. మైకు లేకుండా."

"ఇప్పుడా? కోరా గారూ, మీ మనసు..."

"పాడమ్మా."

ఓలా మే పాడింది. కోరా తన గొంతు మీద చేయి ఆనించుకుని చివరిదాకా విన్నది.

"నేను బాగున్నప్పుడు కూడా అంత ఎత్తు వెళ్లలేదు," అంది కోరా. తర్వాత రస్క్ వైపు తిరిగింది. "కవరు మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఒకే సైజులో. లేదంటే సంతకం పెట్టను."

"పిచ్చా నీకు? తెల్లమ్మాయి పక్కన నల్లమ్మాయి పేరు చూస్తే దక్షిణాది రాష్ట్రాల షాపులన్నీ సగం పెట్టెలు తిప్పి పంపుతాయి!"

"పంపనీ."

తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు సంజాయిషీ చెప్పుకోమని సార్జెంటు రస్క్‌ని స్టేషనుకి తీసుకెళ్లాడు. మూడు వారాల్లోనే కంపెనీ భాగస్వాములు అతన్ని పక్కకి తప్పించారు. ఆల్బమ్ ఫిబ్రవరిలో వచ్చింది. దక్షిణాది షాపులు నిజంగానే తిప్పి పంపాయి. మొదటి స్థానం దరిదాపుల్లోకి కూడా అది రాలేదు. తొమ్మిదో స్థానం దాకా ఎక్కి, ఆ ఏడాది చివరి దాకా జాబితాలోంచి దిగకుండా నిలబడింది. కోరా మళ్లీ పాడలేదు. ఆ వేసవి నుంచి ప్రతి మంగళవారం సెంట్రల్ ఎవెన్యూ చర్చి హాలులో వెనక బల్లమీద కూర్చుని, ఓలా మే దగ్గర పాట నేర్చుకునే పిల్లలు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చేయెత్తి చూపించేది.