నేల మీది కాఫీ గిన్నె

మొదటి మహాయుద్ధపు బూడిద ఇంకా చల్లారక, రెండవదానికి దొరలు కట్టెలు పేరుస్తున్న రోజులలో, ఎర్రమట్టి ప్రాకారాలతో, ఖర్జూర వనాలతో, ఒంటెల బిడారులు దిగే అంగళ్లతో కళకళలాడే నుజైఫా రాజధానిలో, ఇరవై ఏళ్ల ముంజిర్ సింహాసనమెక్కాడు. పట్టుమని పది నెలలు ఏలనివ్వలేదు ఆ బిడ్డను. ఛీ! ఆ వైనం చెప్పాలంటే నోరంతా చేదెక్కుతోంది నాకు.

ఆ అరబ్బు తెగలలో ఒక కట్టుబాటు ఉంది. అతిథి తన కాఫీ గిన్నెను ముట్టక నేల మీద పెట్టాడంటే, అతనికేదో కోరిక ఉందన్నమాట. "తాగండి, ఇచ్చాను" అని ఇంటివాడు అనేదాకా గిన్నె ఎత్తడు. అన్నాక మాట తప్పినవాడు తెగల నడుమ తలెత్తుకోలేడు.

మహామంత్రి రుష్దీ పాషా తెల్లదొరల విందులు మెక్కి, వారి దయతో మేడలు లేపినవాడు. ఆ దొరల దండును దేశం దాటిస్తానన్న కుర్రరాజు వాడికి కంట్లో నలుసైనాడు. రాజుకు అండ ఒక్కడే: గుర్రపుస్వారీ నేర్పిన వృద్ధ సేనాని ఖుతైబా.

ఒకనాడు నిండుకొలువులో మంత్రి గిన్నె కింద పెట్టాడు. తండ్రినాటి పెద్దమనిషి కదా అని ముంజిర్ చిరునవ్వుతో, "తాగండి మహామంత్రీ, ఇచ్చాము" అనేశాడు. కోరికేమిటో ముందు ఆరా తీయవద్దా నాయనా!

"ప్రభూ, సరిహద్దు కోటకు ముప్పు పొంచి ఉన్నది. ఖుతైబాను, అంగరక్షక దళమంతటినీ నేడే అచటికి పంపవలె" అని ఆ నక్క కాఫీ జుర్రింది.

ముంజిర్ ఖుతైబా వైపు తిరిగాడు. "గురువర్యా, మాట జారితిని."

"జారిన మాటను నిలుపుకొనుడు ప్రభూ. నేను మరలి వచ్చుదాక మాత్రము అన్యులు జీను కట్టిన గుర్రమెక్కకుడు" అని ఖుతైబా కన్నీళ్లు దిగమింగుకుని వెళ్లాడు.

ఖుతైబా వెళ్లిన తొమ్మిదోనాడు జరిగిన ఊరేగింపులో మంత్రి స్వయంగా ఒక తెల్లగుర్రాన్ని జీను కట్టి తెచ్చాడు. అంతమంది ఎదుట కాదనలేక రాజు ఎక్కాడు. గుర్రం మీంచి పడి ప్రభువు మరణించాడని సాయంత్రానికి చాటింపు వేశారు.

ఖుతైబా తిరిగి వచ్చేసరికి, గోరీ మట్టి ఆరకముందే, రుష్దీ పాషా రాజప్రతినిధియై, పరామర్శకు వచ్చిన అరవైమంది తెగపెద్దలకు కాఫీ పోయిస్తున్నాడు. థూ! సిగ్గూశరం లేని జన్మ!

ఖుతైబా తన గిన్నె అందుకుని నేల మీద పెట్టాడు. పెద్దలందరి చూపులూ మంత్రి మీద వాలాయి. తప్పించుకునే దారి లేక, "తాగండి సేనానీ, ఇచ్చాను" అని గొణిగాడు.

"నాకు పదవి వలదు, ప్రాణము వలదు. మా ప్రభువు కడపట ఎక్కిన గుర్రపు జీను తెప్పించుడు. నేను స్వారీ నేర్పిన బిడ్డ ఊరక పడడు. దాని పట్టీ అరిగి తెగెనో, కత్తికి తెగెనో ఈ పెద్దలు చూడవలె."

"అది... అశుభమని కాల్పించితిమి" అన్నాడు మంత్రి.

అందరిలోకి వృద్ధుడైన తెగపెద్ద తన గిన్నెను నేల మీద పెట్టాడు. పక్కవాడూ పెట్టాడు. అరవై గిన్నెలూ నేలకు దిగాయి.

మర్నాడే ఖుతైబాను రాజద్రోహి అని ఉరితీశారు. రుష్దీ పాషా మరి పదకొండేళ్లు ఏలాడు. ఆ పదకొండేళ్లూ అతని కొలువులో రోజూ కాఫీ కాచారు, రోజూ పోశారు, నేల మీది గిన్నెలలోనే చల్లారాక రోజూ పారబోశారు.