పదకొండు నిమిషాల ఆలస్యం

దేశాన్ని మోసం చేయడం మంజులత రెండో నేరం. మొదటిది, నర్సింహ చనిపోయిన భార్యలా నవ్వడం.

1994 మే. కట్టంగూర్ దాటాక ఎర్రమట్టి, బండరాళ్లు తప్ప ఏమీ లేని చోట, అంగారక గ్రహం మీద నడవాల్సిన ఆరు చక్రాల రోవర్‌ను రహస్యంగా పరీక్షిస్తున్నారు. దాన్ని నడిపే విద్య పూర్తిగా తెలిసినవాడు ఒక్కడే. ఇంజనీర్ బషీర్.

"విదేశీ ముఠా ఒకటి రోవర్‌నీ, బషీర్‌నీ కలిపి లేపేయాలని చూస్తోంది," అన్నాడు చీఫ్. "ముఠాలో మన మనిషి ఉంది. కంట్రోల్ రూమ్ ఆపరేటర్. కోడ్ పేరు తంగేడు. ఆమె చెప్పినట్టు నడుచుకో."

ఏజెంట్ నర్సింహ నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ వేషంలో క్యాంపు చేరాడు. సీటు కింద ట్రాన్స్‌మిటర్. నడుముకు పిస్టల్.

తంగేడు అంటే మంజులత. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర.

"నాది మీ మునుగోడు దిక్కే అన్నా. గా బోరునీళ్లు తాగే పెరిగిన," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఆ నీళ్లలో ఫ్లోరైడ్. పసితనం నుంచి తాగితే పళ్లకు గోధుమరంగు చారలు పడతాయి. అక్కడి ఆడపిల్లలు నోరు దాచుకొని నవ్వడం నేర్చుకుంటారు. అతని భార్య కౌసల్య పోయేదాకా అలాగే నవ్వింది. నర్సింహ ఇంకేమీ అడగలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, కిలోమీటరు దూరంలో రోవర్ చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. బషీర్ స్పానర్ పట్టుకొని వెళ్లాడు. నర్సింహ కంట్రోల్ రూమ్‌లో కుండలు నింపుతున్నాడు.

వాకీటాకీలో బషీర్ గొంతు. "మంజులా, జర ఆగు. కమాండ్ పంపకు. పంపితే నేను ఇంటికి గాదు, సీదా అంగారకుని మీదికే పోత."

మంజులత రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

పాలలాంటి పళ్లు.

"ఏ ఊరి బోరు తాగినవమ్మా?" అన్నాడు నర్సింహ.

ఆమె మీట నొక్కింది. వాకీటాకీని నేలకేసి కొట్టింది.

"రోవర్ చెయ్యి పూర్తిగా లేస్తే దాని కింద బాంబు పేలుతుంది," అంది. మాటలో యాస లేదు. "అంగారకుడికి సిగ్నల్ ఆలస్యంగా చేరుతుందని మీవాళ్లే రోవర్‌లో పదకొండు నిమిషాల ఆలస్యం పెట్టారు. పోయిన కమాండ్ వెనక్కి రాదు."

నర్సింహ ఆమెను కిటికీ ఊచకు బేడీలతో బంధించి ట్యాంకర్ ఎక్కాడు. సగం దారిలో బండరాయి తగిలి ఇరుసు విరిగింది. దిగి పరుగెత్తాడు. తొమ్మిది నిమిషాలు అయిపోయాయి.

"ఏందన్నా, ట్యాంకర్ వదిలి నడుచుకుంటొచ్చినవ్? నీళ్లు దోసిట్ల తెచ్చినవా?" రోవర్ పక్కన కూర్చున్న బషీర్ నవ్వాడు.

"బ్యాటరీ వైరేది?"

"ఎర్రది. ముట్టకు! మూడేండ్ల మెహనత్ అది..."

రోవర్ చెయ్యి కదిలింది. నర్సింహ వైరు పట్టి పీకాడు. చెయ్యి జానెడు లేచి ఆగిపోయింది. బషీర్ దాని కింద చూశాడు. స్పానర్ జారి రాళ్ల మీద పడింది. 

వారం తర్వాత హైదరాబాద్‌లో చీఫ్ అన్నాడు. "మనవాళ్లు నీకు సన్మానం పెట్టారు. ఆమెను ఎలా పట్టుకున్నావో రెండు మాటలు చెప్పు."

"రిపోర్టుల రాసిన సార్. నోటితోని చెప్ప."

"ఎప్పటికీనా?"

"మనది రహస్య శాఖే గద సార్. మా కౌసల్య దాచుకున్న గీ ఒక్కటన్న రహస్యంగ ఉండనియ్యుండ్రి."