పారాచూట్లు మడిచే అబ్బాయి

"ఇది మడిచిన మహానుభావుడెవరు?"

షెడ్డు తలుపు ధడేలుమని తెరుచుకుంది. లోపలికి వచ్చింది మనిషో చెట్టో ఒక పట్టాన అర్థం కాలేదు. జుట్టు నిండా ఆకులు, చొక్కా చేతికి జానెడు చిరుగు, భుజాన గుట్టగా వేసుకున్న పారాచూట్ గుడ్డలో విరిగిన కొమ్మలు. పొడవాటి బల్లల వెంట నిలబడి పారాచూట్లు మడుస్తున్న వాళ్ళంతా తలలు దించుకుని నవ్వు ఆపుకున్నారు.

మూడో బల్ల దగ్గర కుర్రాడు మాత్రం తలెత్తాడు. అతని బల్లమీద ఒక్క ముడత కనిపించదు. చొక్కామీద అసలే కనిపించదు. అందుకే ఆ సైనిక శిబిరంలో అందరూ అతని అసలు పేరు మరిచిపోయి "ఇస్త్రీ" అని పిలుస్తారు.

"నేనే. ఏమైంది?" అన్నాడు ఇస్త్రీ.

"ఏమైందా? రెప్పపాటు ఆలస్యంగా తెరుచుకుంది! పైప్రాణాలు పైనే పోయాయి నాకు."

"తెరుచుకుందా, లేదా?"

"తెరుచుకుంది."

"అయితే నా పని అయిపోయినట్టే. చెట్టుమీద దిగడం నీ పని. దాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దకు."

"గాలి అటు తోసింది!"

"మిగతా అందరినీ వదిలేసి నిన్నొక్కడినే తోసిందా? పగబట్టిందా ఏంటి గాలి నీమీద?"

ఇంక ఎవరివల్లా కాలేదు. షెడ్డంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ దూకేవాడికి "గాలిపటం" అనే పేరు ఖాయమైంది. అతను కోపంగా ఏదో అనబోయి, ఇస్త్రీ ముఖం చూసి, ఏమనాలో మరిచిపోయి, చివరికి తనూ నవ్వేశాడు.

"సరే బాబూ, ఒప్పుకున్నాను. ఈ ఆకులు ఏరిపెట్టనా?"

"ఏరక? నేనేమన్నా తోటమాలినా?"

గాలిపటం ఆకులు ఏరాడు. ఎంత నిదానంగా ఏరాడంటే, ఒక్కొక్క ఆకుకీ ఒక్కొక్క కబురు చెప్పాడు. ఇస్త్రీ "ఊఁ", "ఆఁ" అంటూనే అన్నీ విన్నాడు.

మడిచి సిద్ధం చేసిన పారాచూట్లను గోడ పొడవునా ఉన్న అరల్లో పెడతారు. ప్రతి దానికీ మడిచినవాడి పేరుతో చిన్న చీటీ వేలాడుతుంటుంది. దూకేవాళ్ళు వరసగా వచ్చి చేతికందింది తీసుకుపోతారు. గాలిపటం మాత్రం అప్పట్నుంచి ఇస్త్రీ పేరు వెతికి మరీ తీసుకోవడం మొదలుపెట్టాడు. దిగాక వాడిన పారాచూట్లు తేవడానికి లారీ ఉంది. అయినా తనది తనే మోసుకుని రొప్పుతూ వచ్చేవాడు.

"లారీకి ఏమొచ్చింది?" అనేవాడు ఇస్త్రీ.

"లారీ నీతో కబుర్లు చెప్పదు కదా!"

ఒక సాయంత్రం దూకి దిగేసరికి వాన కుమ్మేసింది. తడిసిన పారాచూట్లన్నీ ఎత్తైన గదిలో కప్పు నుంచి వేలాడదీసి ఆరబెట్టాలి. మిగతావాళ్ళు టీకి పరుగెత్తారు. తెల్లటి గుడ్డల మధ్య వీళ్ళిద్దరూ మిగిలారు. పైన రేకుల మీద వాన మోత, కింద గాలిపటం చొక్కా నుంచి కారుతున్న నీళ్ళు.

"మడిచేటప్పుడు ఏం ఆలోచిస్తావ్?" అడిగాడు గాలిపటం.

"తాళ్ళు చిక్కుపడకూడదని."

"అంతేనా?"

"ఈ మధ్య ఇంకోటి కూడా."

"ఏంటది?"

"చెప్పను. చెబితే మళ్ళీ చెట్టెక్కుతావు."

గాలిపటం దగ్గరికొచ్చి ఇస్త్రీ చొక్కా అంచు పట్టుకున్నాడు. తడి చెయ్యి. ముడత పడింది. జీవితంలో మొదటిసారి ఒక ముడతని సరిచేసుకోవాలని ఇస్త్రీకి అనిపించలేదు.

కానీ అప్పట్లో రూలు వేరే. సైన్యంలో ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తున్నట్టు తెలిస్తే ఇద్దరూ యూనిఫాం విప్పేసి ఇంటికి పోవాల్సిందే. కాబట్టి వాళ్ళ ప్రేమంతా చూపుల్లోనే నడిచింది. మెస్‌లో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, ఉప్పు ఇటు ఇవ్వమని అడిగే వంకతో.

అలా ఉండగా ఆ రూలు మారింది. నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు: ఎవరు ఎవరిని ప్రేమించినా ఉద్యోగానికి ఢోకా లేదు, దాచుకోనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర మీసాలన్న మొదలుపెట్టాడు. మీసాలన్న దూకేవాళ్ళలో సీనియర్. పెళ్ళిళ్ళు కుదర్చడమంటే మహా సరదా. "ఏరా ఇస్త్రీ, మా ఆవిడ తరఫున ఒక మంచి పిల్ల ఉంది. చూడమంటావా?"

"నాకోసం అమ్మాయిల్ని వెతక్కు అన్నా," అన్నాడు ఇస్త్రీ నెమ్మదిగా. "నేను మగవాళ్ళనే ఇష్టపడతాను."

మీసాలన్న ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. షెడ్డు అజమాయిషీ చూసే కెప్టెన్ మేడం పక్క బల్ల నుంచి, "కాగితం అందరూ చదివారుగా? తినండి," అంది. అందరూ తిన్నారు. ఎదురు బల్ల దగ్గర గాలిపటం మాత్రం పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

ఆ వారం నుంచే అరల్లో ఇస్త్రీ మడిచినవి మిగిలిపోవడం మొదలైంది. ఎవరూ అసలు కారణం చెప్పలేదు. "ఇది భుజానికి బాగా అమిరింది," అని ఒకడు, "ఆ అర దూరం," అని ఇంకొకడు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి! ఇస్త్రీకి ఒళ్ళు మండింది. అయినా మడుస్తూనే ఉన్నాడు. ఒక్కడైతే ఉన్నాడుగా తీసుకోవడానికి.

ఆ ఒక్కడూ వచ్చాడు. వెనకాలే మీసాలన్న, ఇంకో నలుగురు. గాలిపటం చెయ్యి అలవాటుగా ఇస్త్రీ చీటీ మీదికి వెళ్ళింది. ఆగింది. పక్క అరలోది లాక్కుని అతను గబగబా వెళ్ళిపోయాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అంతా చూశాడు.

సాయంత్రం గాలిపటం పిల్లిలా వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "అది కాదురా... మీసాలన్న వెనకే ఉన్నాడు. ఎప్పుడూ నీదే ఎందుకు తీసుకుంటానని నిన్ననే అడిగాడు."

"అడిగితే? ఇప్పుడెవరూ ఇంటికి పంపరుగా?"

"మా అమ్మకి తెలిస్తే? ఫ్యామిలీ డేకి వస్తోంది..."

"వాళ్ళు వదిలేస్తే కోపం వచ్చింది. నువ్వు వదిలేస్తే ఏడుపొచ్చింది," అన్నాడు ఇస్త్రీ. "ఇక నా బల్ల దగ్గరికి రాకు. నీ ఇష్టమొచ్చిన దాంతో, ఏ గంగలో దూకుతావో దూకు."

మరుసటి రోజు గాలిపటం సూది కావాలని వచ్చాడు. ఆ తర్వాత దారం కావాలని వచ్చాడు. ఆ తర్వాత, సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చాడు. "పక్క బల్ల వాళ్ళని అడుగు. నీకు పక్కవి బాగా అలవాటేగా," అన్నాడు ఇస్త్రీ తలెత్తకుండా.

పైగా కెప్టెన్ మేడం పిలిచి కూర్చోబెట్టింది. "నీ పని వంక పెట్టేది కాదు. కానీ ఎవరూ తీసుకోని పారాచూట్లు గడువు దాటిందని మళ్ళీ మళ్ళీ విప్పి మడిపిస్తూ కూర్చోలేను. ఫ్యామిలీ డే దాకా చూస్తాను. ఆ రోజు కూడా మిగిలిపోతే నిన్ను బూట్ల గోడౌన్‌కి పంపక తప్పదు. రూలు నీ వైపే ఉంది. గాల్లోకి దూకేవాడి మనసుకి మాత్రం రూలు పెట్టలేను కదా నాయనా."

తను ప్రేమించిన రెండూ, ఈ బల్లా, ఆ మనిషీ, ఒకేసారి చేజారిపోతున్నాయని ఇస్త్రీకి అర్థమైంది.

ఫ్యామిలీ డే నాడు షెడ్డంతా సందడి. భార్యలు, తల్లులు, పిల్లలు బల్లల మధ్య తిరుగుతూ అన్నీ ముట్టుకుని చూస్తున్నారు. పొట్టిగా, చంకలో హ్యాండ్‌బ్యాగ్ గట్టిగా నొక్కిపట్టుకుని ఒకావిడ తిన్నగా మూడో బల్ల దగ్గరికొచ్చింది.

"మావాడి గొడుగు మడిచేది నువ్వేనా నాయనా?"

ముక్కు అచ్చం గాలిపటం ముక్కే. ఇస్త్రీ చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "ఈ మధ్య నాది తీసుకోవడం లేదండీ."

"అదేంటి! ఫోన్ చేస్తే సగం సేపు నీ గొడవేగా. బాగా మడుస్తాడమ్మా, నాకు భయం లేదమ్మా అని. ఆ మాట పట్టుకునే నేను నిద్రపోతున్నాను. ఇప్పుడేం రోగం వాడికి?"

జవాబు చెప్పేలోపే దూకేవాళ్ళు వరసగా లోపలికి వచ్చారు. గాలిపటం అందరికంటే ముందున్నాడు. అమ్మని చూశాడు, ఇస్త్రీని చూశాడు. తిన్నగా వెళ్ళి ఇస్త్రీ చీటీ ఉన్న పారాచూట్ తీసి భుజానికి తగిలించుకున్నాడు.

"అంత వెతికి మరీ తీశావ్. ప్రేమేంట్రా దానిమీద?" అన్నాడు మీసాలన్న.

"దానిమీద కాదన్నా," గాలిపటం గొంతు షెడ్డంతా వినబడింది. "మడిచినవాడి మీద. చాలా రోజుల్నుంచి."

ఆవిడ చంకలోంచి హ్యాండ్‌బ్యాగ్ జారి కిందపడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

మీసాలన్న ఇస్త్రీ వైపు తిరిగాడు. గొంతులో వెక్కిరింత లేదు, నిజమైన సందేహమే ఉంది. "సరే. నీ వాడు దూకేది ప్రాణం పెట్టి మడుస్తావు. మరి మా సంగతి?"

"ఏది ఎవరు తీసుకుంటారో నాకెలా తెలుస్తుందన్నా?" అన్నాడు ఇస్త్రీ. "ఏదో ఒకటి వీడికి వెళ్తుంది. అందుకే ప్రతిదీ వీడే దూకుతాడన్నట్టు మడుస్తాను. మీరు వదిలేసినవి కూడా అలా మడిచినవే."

మీసాలన్న మీసం మెలిపెట్టబోయి ఆగిపోయాడు. వెనకనుంచి వాళ్ళావిడ కేక పెట్టింది: "ఇంకా ఏం చూస్తున్నారండీ? ఆ అబ్బాయిదే తీసుకోండి! మిగతావాళ్ళు ఎవర్ని తలుచుకుని మడిచారో ఎవరికి తెలుసు!"

పక్క బల్లల వాళ్ళు "అయ్యో వదినా!" అని మొత్తుకున్నారు. ఆ నవ్వుల్లో మీసాలన్న వెళ్ళి ఇస్త్రీ మడిచినది ఒకటి తీసుకున్నాడు. అతని వెనక ఇంకొకడు. కాసేపటికి ఆ అర ఖాళీ అయింది. కెప్టెన్ మేడం ఖాళీ అర వంక చూసి, "రేపు పొద్దున్నే రా, చాలా పనుంది," అంది ఇస్త్రీతో.

విమానం లేచింది. మైదానంలో అందరూ తలలెత్తి నిలబడ్డారు. గాలిపటం తల్లి హ్యాండ్‌బ్యాగ్ మళ్ళీ చంకలో నొక్కిపట్టుకుని ఆకాశం వంకే చూస్తోంది. ఇస్త్రీ చేతులు కట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు.

"సరిగ్గా మడిచావా?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

"మడిచానమ్మా."

"అయితే ఇలా దగ్గరికి రా. కాళ్ళు వణుకుతున్నాయి, కాస్త చెయ్యి పట్టుకో."

పైన ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకున్నాయి. అన్నీ విచ్చుకున్నాకే ఆవిడ చెయ్యి వదిలింది.

గాలిపటం మైదానం నడిమధ్యలో దిగాడు. గుడ్డ పోగుచేసుకుని పరుగున వచ్చి మొదట ఇస్త్రీ ముందు ఆగాడు. "సారీరా. ఆ రోజు భయపడ్డాను. ఇంకెప్పుడూ వదలను."

"చూద్దాం," అన్నాడు ఇస్త్రీ. కానీ నవ్వు ఆగలేదు, కళ్ళలో నీళ్ళూ ఆగలేదు.

గాలిపటం తల్లి వైపు తిరిగి తల దించుకున్నాడు. "అమ్మా... నీకు ముందే చెప్పాల్సింది. నువ్వేమంటావో అని..."

"ఏమంటాను రా? విమానంలోంచి కిందికి దూకుతానన్న రోజే సరేనన్నాను. మంచివాణ్ణి ప్రేమించానంటే వద్దంటానా?"

అని గుడ్డ ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస ఇస్త్రీ చేతికిచ్చింది. మధ్యలో గాలిపటం మోస్తుండగా ముగ్గురూ షెడ్డు వైపు నడిచారు.