మంచుదారి కోసం మంట

ఢాం!

వెనక అద్దం పగిలింది. డ్రైవర్ తల స్టీరింగ్ మీద వాలిపోయింది.

హారన్ ఆగకుండా మోగుతోంది. డ్యాష్‌బోర్డ్ నిండా రక్తం...

ల్యాండ్ క్రూయిజర్ నూట ఇరవైలో దూసుకుపోతోంది. నడిపేవాడు లేడు!

పక్క సీట్లోంచి మణి ఒక్క ఉదుటున స్టీరింగ్ అందుకుంది.

"మేడమ్! కిందికి! సీటు కిందికి దూరండి!"

వెనక సీట్లో ఆస్ట్రిడ్. అరవై ఏళ్ల మనిషి. ఉత్తర ధ్రువానికి ఆనుకుని ఉన్న స్వాల్మార్క్ అనే చిన్న దేశం తరఫున వచ్చిన దూత. ఆ దేశపు ఆర్కిటిక్ పాలసీ రాసింది ఆవిడే. సాయంత్రం అబుదాబిలో అంతర్జాతీయ సభ. అక్కడ ఆవిడ నోరు తెరవకూడదని ఎవరో గట్టిగా అనుకుంటున్నారు.

ఆవిణ్ని ప్రాణాలతో ఆ సభకి చేర్చడం మణి పని.

కాకినాడ పిల్ల. ఇంతకుముందు విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ ఫోర్స్. ఇప్పుడిక్కడ లేడీ వీఐపీలకి బాడీగార్డ్. చేతిలో తుపాకీ లేదు. ప్రైవేట్ గార్డుకి ఈ దేశంలో తుపాకీ ఇవ్వరు.

వెనక వాళ్ల దగ్గర మాత్రం ఉంది.

ఢాం! ఢాం!

అద్దంలో తెల్ల పికప్. దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి...

మణి కాలు చాపింది. చచ్చిపోయినవాడి బూటు మీదుగానే బ్రేక్ కసిగా తొక్కింది.

టైర్లు కీచుమన్నాయి. పికప్ తప్పుకోబోయి డివైడర్‌కి గుద్దుకుంది. గాల్లోకి లేచింది. బోర్లా పడింది. నిప్పులు చిమ్ముకుంటూ రోడ్డు మీద జారుతోంది...

అందులోంచి ఎవడూ బయటికి రాలేదు.

"పోలీసులకి ఫోన్ చేస్తున్నా మేడమ్."

"వద్దు!" ఆస్ట్రిడ్ గొంతు వణుకుతోంది. "పోలీసులు మా ఎంబసీకి చెప్తారు. నన్ను చంపమన్నవాడి మనిషి ఎంబసీలోనే ఉన్నాడు!"

మణి పళ్లు కొరికింది. డ్రైవర్ని పక్కకి నెట్టి, స్టీరింగ్ ముసఫ్ఫా ఇండస్ట్రియల్ ఏరియా వైపు తిప్పేసింది.

*

ఆగస్టు మధ్యాహ్నం. ఎండకి బయట పనులు ఆపే వేళ. ముసఫ్ఫా గల్లీల్లో మనిషి లేడు. గ్యారేజీలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి.

ఒక షట్టర్ మీద మణి పిడికిలితో బాదింది.

"భోజన్నా! తియ్యి! తొందరగా!"

షట్టర్ లేచింది. యాభై ఏళ్ల మెకానిక్. జగిత్యాల దిక్కు మనిషి. మణి కంపెనీ బండ్లన్నీ బాగుచేసేది ఆయనే.

"ఏమైంది చెల్లే? అరె... గీ నెత్తురేంది!"

"తర్వాత చెప్తా అన్నా. బండి లోపలికి రానీ. దించెయ్!"

షట్టర్ దడేల్మని పడింది.

భోజన్న డ్రైవర్ని కిందికి దించి, మొహం మీద తువ్వాల కప్పాడు. మణి ఆస్ట్రిడ్‌ని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నాకు తెలియాలి మేడమ్. మంచు, చేపలు, ఎలుగుబంట్లు... వీటి గురించి మాట్లాడితే చంపేస్తారా?"

ఆస్ట్రిడ్ పేలవంగా నవ్వింది. "అవి పైకి చూపించేవి. అసలు సంగతి ఓడలు."

గ్రీజు పట్టిన బల్ల మీద వేలితో గీత గీసింది.

"పైన మంచు కరుగుతోంది. ఆసియా నుంచి యూరప్‌కి కొత్త దారి తెరుచుకుంటోంది. దాని గుమ్మంలో మా పోర్టు. కానీ ఓడలు రావు. కింద ఎర్రసముద్రం దారి వాళ్లకి అలవాటు. మరి వాటిని పైకి ఎలా రప్పించాలి?"

మణికి అర్థం కాలేదు.

"కింది దారి తగలబెట్టాలి!"

మణి బల్ల మీది గీత వైపు వంగింది.

"మా విదేశాంగ మంత్రి ఇక్కడి ఆయుధాల వ్యాపారితో చేతులు కలిపాడు. వాడు ఎర్రసముద్రం ఒడ్డున ముఠాలకి మిసైళ్లు ఇస్తాడు. ఓడలు కాలతాయి. భయంతో పైకొస్తాయి. బదులుగా వాడికి మా పోర్టులో సగం. మంచు మీద మా పాలసీ, ఎడారిలో మా స్నేహాలు, సముద్రంలో ఆ మంట... మూడూ ఒకటే ప్లాను."

మణికి ఒక ఓడ గుర్తొచ్చింది.

తమ్ముడు సుజిత్. సరుకు ఓడలో ఇంజిన్ రూమ్ ఉద్యోగం. పోయిన ఏడాది ఎర్రసముద్రంలో ఆ ఓడ మీద మిసైల్ పడింది. శవం కూడా దొరకలేదు.

ఎందుకు చచ్చిపోయాడో ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

"ఇదంతా సభలో చెప్తారా?"

"అందుకేగా వచ్చాను."

"అయితే మిమ్మల్ని అక్కడికి చేర్చే పూచీ నాది."

"ఒక్క నిమిషం. ఇంటికి ఫోన్ చేసుకోనీ." ఆస్ట్రిడ్ మూలనున్న క్యాబిన్‌లోకి వెళ్లి తలుపేసుకుంది.

భోజన్న తన పాత పికప్ రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. మణి అద్దంలో మొహం మీది రక్తం తుడుచుకుంటోంది.

వెనక తలుపు ఎగిరిపడింది!

ఇద్దరు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులు!

ఢాం!

"అవ్వా!" భోజన్న తొడ పట్టుకుని కూలిపోయాడు.

మణి కారు చాటుకి దూకింది. చేతికి తగిలింది వీల్ పానా. మొదటివాడు కారు చుట్టూ తిరిగొచ్చాడు. మణి లాగి కొట్టింది. వాడి మణికట్టు ఫటుక్కున విరిగింది. తుపాకీ నేల మీద పడింది. వాడు అరవబోయాడు. రెండో దెబ్బ దవడ మీద. మూడోది కణత మీద. వాడింక లేవలేదు.

రెండోవాడు గురిపెట్టాడు. మణి దొర్లింది... తుపాకీ అందుకుంది... పడుకునే కాల్చింది.

ఒకటి. రెండు.

వాడు టైర్ల మీద వెల్లకిలా పడ్డాడు. గొంతులోంచి గరగర శబ్దం. ఆగిపోయింది.

మణి తుపాకీ నడుముకి దోపుకుంది. పరుగున వెళ్లి భోజన్న తొడకి చున్నీ బిగించి కట్టింది.

"అన్నా! నన్ను చూడు! కళ్లు మూయకు!"

"సావనులే చెల్లే... గానీ మనమిక్కడ ఉన్నట్టు గాళ్లకెట్ల ఎరుక?"

అవును. ఎలా తెలిసింది?

చచ్చినవాడి జేబులో ఫోన్ మోగింది.

మణి తీసింది. చెవి దగ్గర పెట్టుకుంది. మాట్లాడలేదు.

"ఏమైంది? ఆ పిల్ల పని ఖలాసేనా?" ఆడగొంతు. ఇంగ్లీషులో. "నేను క్యాబిన్‌లోనే ఉన్నా. బయటికి రానా?"

అదే గొంతు... క్యాబిన్ తలుపు వెనక నుంచి కూడా!

మణి క్యాబిన్ వైపు దూకింది.

ఒక్క తన్నుకి తలుపు ఊడింది. ఆస్ట్రిడ్ చేతిలోని ఫోన్ జారిపోయింది.

"నువ్వే పిలిచావా?"

ఆస్ట్రిడ్ తలుపు వైపు చూసింది. తర్వాత తాపీగా కుర్చీలో కూర్చుంది. ఇందాకటి వణుకు ఎక్కడా లేదు.

"మంత్రి నా వాటా ఎగ్గొట్టాడు. సభలో బయటపెడతానన్నా. చంపించబోయాడు. ఇప్పుడే ఫోన్‌లో ఆ వ్యాపారితో రాజీ కుదిరింది. మనల్ని వెతుకుతూ వాడి మనుషులు ఈ పక్క గల్లీలోనే ఉన్నారట, నంబర్ ఇచ్చాడు. కాకపోతే నీకు చాలా చెప్పేశాను. అదొక్కటే ఇబ్బంది."

"కింది దారి తగలబెట్టమన్నది..."

"నేనే. అంత తెలివి ఆ మంత్రికి ఎక్కడిది?"

మణి కళ్ల ముందు సుజిత్. యూనిఫామ్‌లో నవ్వుతూ, గేటు దగ్గర చెయ్యి ఊపుతూ...

తుపాకీ లేచింది. ఆస్ట్రిడ్ నుదుటికి గురి. వేలు బిగుస్తోంది...

"కాలిస్తే నీకు మరణశిక్ష," అంది ఆస్ట్రిడ్. "నిజం కూడా నాతోనే పోతుంది. ఆలోచించుకో."

మణి ఊపిరి బలంగా తీసుకుంది. తల తిప్పకుండానే అరిచింది.

"అన్నా! బండి నడపగలవా?"

"నడుపుత చెల్లే! ఆటోమేటిక్ గదా, ఒక్క కాలు సాలు!"

"పదండి మేడమ్. సభకి టైమవుతోంది. నాతో అన్నదంతా అక్కడ మైకులో అంటారు."

ఆస్ట్రిడ్ పకపకా నవ్వింది. కాలు మీద కాలు వేసుకుంది.

"ఇక్కణ్నుంచి ఒక్క అడుగు కూడా వెయ్యను. ఏం చేస్తావ్?"

మణి తుపాకీ నుదుటి మీంచి కిందికి దింపింది. మెల్లగా. మోకాలి దాకా.

"మైకులో మాట్లాడ్డానికి నోరుంటే చాలు మేడమ్!"

ఢాం!