శాపం కాదు, నోటీసు

టీ కప్పును కళ్ళ ఎత్తుకు లేపి చూసి, "ఇవాళ ఒక గుటక తక్కువుంది" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

రోజూ అనే మాటే. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషికి ఇంట్లో ఏదీ సరిగ్గా తూగదు. మామూలుగా అయితే "ఆ గుటక నేనే తాగాను, కేసు రాసుకోండి" అని అంటించేది బుజ్జమ్మ. ఇవాళ కేసు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చెవులు రెండూ వీధి తలుపు దగ్గరున్నాయి.

పది గంటలకు పిల్లులు పట్టేవాడు వస్తాడు. ఈలోపు పోస్ట్‌మాన్ రావాలి.

పిల్లుల బెడద వదిలించాలని అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానించింది. అధ్యక్షుడి హోదాలో ఆమె భర్తే సంతకం పెట్టారు. పోయిన వారం ఆ మనిషి వచ్చి ఒక బూడిదరంగు పిల్లికి ఉచ్చు వేస్తే, అది తీగతో సహా తెంపుకుని పారిపోయి బుజ్జమ్మ వంటింటి కిటికీ మీదికి దూకింది. కత్తెరతో తీగ కోసింది ఆమే. ఆ మెడ చూసిన పూట ఆమెకు ముద్ద దిగలేదు. పంపుగదిలో పిల్లల తల్లి ఒకటుంది. ఇవాళ దాని వంతు.

భర్తకు చెప్పి చూసింది. "సంఘం తీర్మానం బుజ్జీ, నాదేముంది? పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా?" అని పేపరు తిప్పేశారు.

ఆ మధ్యాహ్నమే ఆమె జెరాక్స్ షాపు మీదున్న కోడలి ఆఫీసు మెట్లెక్కింది. కోడలు లాయరు. "ఇక్కడ మీరు అత్తయ్య కాదు, క్లయింటు" అంటూ కుర్చీ చూపించింది. జంతువులను హింసించడం నేరమని చట్టంలో ఉందని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది బుజ్జమ్మకు. ఇన్నాళ్లూ తనది ఒట్టి జాలి అనుకుంది. చట్టం కూడా తన వైపే ఉందని తెలిశాక, మెట్లు దిగుతుంటే మోకాళ్ల నొప్పి గుర్తుకు రాలేదు.

గంట మోగింది.

సంతకం చేసి కవరు తీసుకున్న ఇన్‌స్పెక్టరుగారు మీదున్న ముద్ర చూసి ఆగిపోయారు. "మన కోడలి ఆఫీసుది కదూ?"

కోడలు టోస్టు నములుతూ తలూపింది. ఆయన చింపి చదివారు. చదువుతున్నకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి.

"నా ఎదురుగా కూర్చుని టోస్టు తింటూ, నాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసా?"

"చేతికిస్తే అందినట్టు సంతకం పెడతారా మామయ్యా?"

లిఫ్టు మెకానిక్కయిన కొడుకు పనిముట్ల సంచీ సర్దుకుంటూ అక్కడే ఆగిపోయాడు.

"తీర్మానం వెనక్కి తీసుకోవాలట! పిల్లులకు ఆపరేషన్లు చేయించి, టీకాలు వేయించి మళ్లీ ఇక్కడే వదలాలట! లేకపోతే కోర్టట! ఎవరీవిడ?" పేరును వేలితో పొడుస్తూ అడిగారు. "ఇంటిపేరూ కొత్తే, పేరూ కొత్తే. ఐదో అంతస్తులో కొత్తగా దిగినావిడేనా? వచ్చి పది రోజులు కాలేదు, అప్పుడే నామీద నోటీసా! బుజ్జీ, నీకు తెలుసా ఈవిడ?"

కొడుకు తండ్రి భుజం మీంచి తొంగిచూశాడు. దగ్గొచ్చింది. ఇంకా దగ్గాడు.

"తెలుసండీ" అంది బుజ్జమ్మ.

"ఎలాంటి మనిషి?"

"మంచిదే. టీ మాత్రం ఒక గుటక తక్కువ పోస్తుంది."

ఆయన పేరును మళ్లీ చదివారు. పెళ్లినాటి నుంచి బుజ్జీ అనే పిలుపు తప్ప నోట రాని ఆ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, మెల్లగా తలకెక్కింది. కాయితం టేబుల్ మీద పెట్టేశారు.

"నువ్వా?"

"నేనే."

"ఇన్నేళ్లు కాపురం చేసి నన్ను కోర్టుకీడుస్తావా?"

"కాపురం మీతో. కేసు అధ్యక్షుడితో."

"ఇద్దరూ ఒకటే కదే!"

"అదేగా నా ఏడుపు!"

"పిల్లి శాపాలకు ఉట్లు..."

"శాపం కాదండీ, నోటీసు" అంది బుజ్జమ్మ. "ఒక్క మాట అడుగుతాను. కాటా చూడకుండా, రాయి వేసి తూచకుండా, సర్వీసులో ఒక్కసారైనా ముద్ర వేశారా?"

"ఎవడన్నాడు ఆ మాట!"

"మరి ఆ ఉచ్చు చూశారా? చూడకుండా ఎలా పెట్టారు సంతకం?"

ఆయన నోటీసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

కింద నుంచి కేక వినబడింది. "సార్! పిల్లుల పనికొచ్చా!"

నలుగురూ దిగారు. పట్టేవాడి చేతిలో పొడవాటి గొట్టం, దాని చివర తీగ ఉచ్చు. పంపుగది లోపలి నుంచి సన్నగా కూనల అరుపులు.

"ఇలా ఇవ్వు" అని ఇన్‌స్పెక్టరుగారు గొట్టం అందుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరూ ఆపేలోపే ఉచ్చులో తన మణికట్టు దూర్చి, "లాగు" అన్నారు.

"వద్దు సార్."

"లాగమన్నానా!"

లాగాడు. ఆయన మొహం ముడుచుకుపోయింది. "వదులు."

"గింజుకోకండి సార్. గింజుకుంటే ఇంకా బిగుస్తుంది."

"గింజుకోకుండా ఏ ప్రాణి ఊరుకుంటుందయ్యా! వదలవేం?"

"దానంతటది వదలదు సార్. కొయ్యాలి."

కొడుకు కటింగ్ ప్లయరుతో తీగ కోశాడు. మణికట్టు చుట్టూ ఎర్రటి గీత. ఆయన దాన్నే చాలాసేపు చూసుకున్నారు. తర్వాత భార్య వైపు తిరిగారు.

"దాని మెడ మీద కూడా..."

"ఇంతకంటే లోతుగా."

ఆయన పట్టేవాణ్ణి పంపేసి, నోటీసు మొదటి అక్షరం నుంచి మళ్లీ చదివారు. సాయంత్రం సంఘం మీటింగు పిలిచారు.

పార్కింగులో కుర్చీలు వేశారు. బుజ్జమ్మ చివరి వరసలో కూర్చుంది. మొగుడు పదిమందిలో తల దించుకుంటే తను తట్టుకోగలదా?

"తీర్మానం రద్దు చేస్తున్నాను" అన్నారాయన నిలబడి. "అది చట్టవిరుద్ధం. చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది. రేపటి నుంచి పశువుల డాక్టరు వచ్చి ఒక్కొక్కదానికీ ఆపరేషను చేస్తారు. సంఖ్య పెరగదు."

కార్యదర్శి కాలు మీద కాలు వేసుకుని నవ్వాడు. "భార్యకు భయపడ్డారా ప్రెసిడెంటుగారూ?"

పార్కింగంతా కిసుక్కుమంది. బుజ్జమ్మ కళ్ళు మూసుకుంది.

"భయపడ్డానండీ" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు తాపీగా. "తిట్టే భార్యలు అందరికీ ఉంటారు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపే భార్య నా ఒక్కడికే ఉంది. మీరు కూడా భయపడితే మంచిది. రెండో నోటీసు మీ పేరునే తయారవుతోందట."

కార్యదర్శి కాలు దించాడు. మొదట కోడలు నవ్వింది. తర్వాత అందరూ. బుజ్జమ్మ నవ్వుతూనే ఉంది గానీ, కొంగు ఎందుకు తడిసిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు పొద్దున తల్లిపిల్లినీ కూనల్నీ చూసి రావడానికి పంపుగదిలోకి ఎవరు దూరాలన్న ప్రశ్న వచ్చింది.

"ప్రతివాది" అంది కోడలు.

కిక్కురుమనకుండా లుంగీ ఎగ్గట్టి దూరారాయన. ఆయన పాదాలు రెండే బయటికి కనబడుతున్నాయి. లోపల తల్లిపిల్లి బుస్సుమంది.

"అయ్యో, తిట్టకమ్మా! రాజీకొచ్చాను!" అన్న గొంతు వినబడింది. కాసేపటికి అదే గొంతు పసివాడి కేకలా మారింది. "బుజ్జీ! కూన ఒకటి ఇప్పుడే కళ్ళు తెరిచిందే! నన్నే చూస్తోంది!"

బుజ్జమ్మ నేల మీద చతికిలబడి చీకట్లోకి తొంగిచూసింది. "ఏమంటోంది?"

"కేసు కొట్టేశానంటోంది."